ఉగ్గుగిన్నె మీద అంగ్రేజి తీగ

మా అత్తగారింటి ఉగ్గుగిన్నెలో వెండి కంటే పేర్లు ఎక్కువ. అరచేతిలో ఇమిడే గిన్నె, ఒకవైపు చిన్న ముక్కు. దాని పొట్ట చుట్టూ అయిదుగురు మగవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. మావారి ముత్తాతగారితో మొదలుపెట్టి తాతగారు, చినతాతగారు, మామగారు, చివర మావారు. అందరూ ఆ ముక్కుతోనే ఉగ్గు తాగారు. అందరి అన్నప్రాశనకూ ముందురోజు తెనాలి నుంచి కంసాలి ఇంటికొచ్చి పేరు చెక్కి వెళ్ళాడు. మావారి చెల్లెలు కూడా ఆ గిన్నెతోనే తాగింది. ఆమె పేరు మాత్రం లేదు.

మా అమ్మాయి పుట్టిన ఇరవై ఒకటో రోజున అత్తగారు ఆ గిన్నె తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. తిప్పి చూశాను. మావారి పేరు తర్వాత వేలెడంత ఖాళీ ఉంది.

"ఇక్కడ దీని పేరు పడుతుంది కదండీ అత్తయ్యగారూ?"

"ఆడపిల్ల పేరు మన గిన్నె మీద ఎందుకమ్మా? రేపు దాని అత్తారింటి గిన్నె మీద దాని కొడుకు పేరు పడుతుందిగా!"

ఆ లెక్కన మా అమ్మాయి పేరు ఏ గిన్నె మీదా పడదని ఆవిడకు తోచలేదు. నాకు తోచింది. కానీ నేను బాలింతని, చెవుల్లో దూది ఉంది. చెవిలో దూది ఉన్న మనిషితో ఎవరూ వాదన పెట్టుకోరు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. పేరు చెక్కడానికి నాకు తెనాలి కంసాలి అక్కర్లేదు.

అంతకు రెండేళ్ళ ముందు పెళ్ళయి శంషాబాద్ వచ్చాను. మావారికి హైవే పక్కన ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు వృక్షశాస్త్రంలో డిగ్రీ, ఇద్దరికీ కలిపి రెండు గదుల పోర్షను. ఉదయం ఎనిమిదికి ఆయన వెళ్ళిపోతే సాయంత్రం దాకా బెంగళూరు లారీలు వింటూ కూచునేదాన్ని. ఇంటివాళ్ళ బంధువుల గృహప్రవేశానికని ఒక స్టీలు బిందె కొని, దాని మీద మా ఇద్దరి పేర్లూ వేయించడానికి బజారుకు వెళ్ళాను. గిన్నెల దుకాణం ముందు గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దాయన కూచున్నాడు. కరెంటు మిషనుతో పేర్లు కొడుతున్నాడు. పాము తలను పట్టుకున్నట్టు దాన్ని దూరంగా పట్టుకున్నాడు.

మా బిందె మీద పేర్లు కొట్టడం అయ్యాక ఆయన ఆ అక్షరాలను నాలుకతో ఒకసారి నాకాడు.

మాది మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే ఇల్లు.

"ఏంది బిడ్డా, గట్ల జూస్తున్నవ్? పేరు కొట్టినంక అంచుకు ముల్లు లేస్తది. పిల్లగాండ్లకు గీస్కపోతది. అది ఉందో లేదో చూస్తున్న."

"వేలితో చూడొచ్చు కదండీ?"

"వేలు అబద్ధం జెప్తది. నలభై ఏండ్ల సంది పన్జేసిన వేలు, తోలు మందమైంది. నాలుకకు తోలు లేదు, నిజం జెప్తది."

ఆ బిందెను గృహప్రవేశంలో ఇస్తున్నప్పుడు ఆ ఇంటి ఇల్లాలి మొహంలోకి చూడలేకపోయాను. కానీ మర్నాడే మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. కారణం నాలుక కాదు. ఆయన వెనక గోడకు వేలాడుతున్న అరచేతి వెడల్పు ఉక్కు రేకు. దాని నిండా ఒక తీగ చెక్కి ఉంది. తీగ చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్ట వీపులోంచి ఇంకో చుట్ట పుడుతుంది, లోపల సన్నని ఆకులు. ఒక్కో ఆకూ ఒక్క కోత. రేకును కొద్దిగా కదిపితే వెలుగు ఆ తీగ పొడవునా ఎలకపిల్లలా పరుగెత్తింది.

"ఇది ఏ కుటుంబానికి చెందిన మొక్కండీ?" అన్నాను. డిగ్రీ వృథాగా పోకూడదని నా తాపత్రయం.

"ఇది మొక్క గాదు, అంగ్రేజి తీగ. పువ్వుండదు, కాయుండదు. తిరుగుడే. మా ఇంటామె లెక్క."

దుకాణం గడప మీద చిక్కుళ్ళు తుంచుతున్న ఆ ఇంటామె తల ఎత్తకుండానే అంది. "తిరిగేటోడు నువ్వు. నేను కూసున్న కాన్నే కూసున్న."

ఆయన తొండుపల్లి అవుసలాయన, మా వైపైతే కంసాలి అంటాం. కుర్రతనంలో పట్నంలో తుపాకులు బాగుచేసే దుకాణంలో పనిచేశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన వేటతుపాకుల పక్కలకు ఇలాంటి రేకులు బిగించి ఉండేవట. అవి అరిగిపోతే అచ్చంగా అలాంటి తీగతోనే కొత్త రేకు చెయ్యాలి. వేటలు పోయాయి, వేటాడేవాళ్ళు పోయారు, ఈయన స్టీలు బిందెల దగ్గరికి వచ్చి పడ్డాడు. ఆ రేకు ఒక్కటి మిగిలింది.

"నాకు నేర్పుతారా తాతగారూ?"

"తాతనా! ఇంక అరవై గూడ నిండలె. అన్నా అను."

"సరే అన్నగారూ."

"గారు గీరు వద్దు."

"సరేనండీ అన్నగారూ."

ఆ గారును ఆయన మూడు నెలలు దిద్ది, తర్వాత వదిలేశాడు. ఆ ఇంటామె వెంటనే వదినైపోయింది.

మొదటి నెల ఆయన నన్ను లోహం ముట్టుకోనివ్వలేదు. కలం నూరమన్నాడు. కలమంటే మనం రాసేది కాదు, చిటికెనవేలంత ఉక్కు పుల్ల, అరచేతిలో ఆనే గుండ్రటి పిడి. దాని కొస సానరాయి మీద ఏటవాలుగా నూరి, తర్వాత తోలు మీద రుద్ది రుద్ది అద్దం చెయ్యాలి. అంగ్రేజి తీగకు మెరుపు ఎక్కడినుంచో రాదు. కలం మొహం ఎంత నున్నగా ఉంటే కోత గోడ అంత మెరుస్తుంది. తర్వాత మెరుగు పెట్టడం అంటూ ఉండదు.

"కలం మొఖంల నీ మొఖం కనవడాలె."

"కనబడుతోందండీ."

"మంచిగ కనవడుతుందా?"

"ముక్కు వంకరగా ఉంది."

"ముక్కుది నీ తప్పు గాదు. కలంది నీ తప్పు. మల్ల నూరు."

రెండో నెల ఇత్తడి ముక్క ఇచ్చాడు. ఇసుక నింపిన తోలుసంచి మీద దాన్ని పెట్టి ఒక గుండ్రం చెక్కమన్నాడు. కలాన్ని గుండ్రంగా తిప్పాను. దోసకాయ వచ్చింది. వదిన వంగి చూసి, "పప్పుల వెయ్యొచ్చు" అంది.

"కలం తిరగదు బిడ్డా. కలం ఉన్న కాన్నే ఉంటది. ఎడమ చేత్తోని సంచి తిప్పు. ఇత్తడే తిరిగొచ్చి కలానికి తగలాలె."

ఈ ఒక్క ముక్క చేతికి ఎక్కడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆకు కోసేటప్పుడు కలాన్ని కాస్త పక్కకు ఒరిగించాలి. సన్నగా మొదలై, మధ్యలో వెడల్పై, మళ్ళీ సన్నగా తేలిపోవాలి. ఇది ఎక్కడో చూశాననిపించి, ఒకనాడు ఠక్కున గుర్తొచ్చింది. పలక మీద మా నాన్న నా చేత దిద్దించిన తలకట్టు! తెలుగు అక్షరాల నెత్తిన ఉన్నదంతా ఆ ఆకే. ఆ మాట చెబితే అన్న సంబరపడి, ఆ రోజంతా కస్టమర్ల బిందెల మీద తలకట్లకు ఆకుల షోకు పెట్టాడు. ఒకాయన వచ్చి తన పేరు మీద గడ్డి మొలిచిందని గొడవ చేశాడు.

అమ్మాయి పుట్టి, మూడో నెలలో శంషాబాద్ తిరిగొచ్చాక నేను వేరే మనిషినయ్యాను. ఫ్యాను ఊడి పడుతుందేమోనని దాని కింద ఉయ్యాల పెట్టేదాన్ని కాదు. లారీ హారను కొడితే పిల్ల చెవులు పట్టుకునేదాన్ని. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర దూదిపింజ పట్టి అది కదులుతోందా అని చూసేదాన్ని. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి చూసి వచ్చాను. కదులుతోంది.

పని మాత్రం మానలేదు. వదిన పిల్లను ఒళ్ళో వేసుకునేది, నేను దుకాణం లోపలి గదిలో కూచునేదాన్ని. పని అయ్యాక గోధుమపిండి ముద్దతో నా చీర, చేతులు, చాప, చుట్టూ నేల అంతా అద్దేదాన్ని. వెండి పొట్టు, ఇత్తడి పొట్టు ఆ ముద్దకు అంటుకుంటాయి. తర్వాత జడ దువ్వుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని, అప్పుడు పిల్లను తీసుకునేదాన్ని.

"నీ పొల్ల పరేషాన్ గాదు గని నిన్ను జూస్తే నాకు పరేషాన్ అయితుంది" అనేది వదిన.

ఏడో నెలలో అన్నప్రాశన అనుకున్నాం. అత్తగారు, మామగారు, నెల తప్పిన ఆడపడుచు ఆ రోజు పొద్దున్నే దిగుతామని ఉత్తరం రాశారు. ఆ లోపు పేరు పడిపోతే పడిపోయినట్టే. చెక్కిన పేరును చెరపడం మా అత్తగారి వల్ల కూడా కాదు. వారం ముందు గిన్నె పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

అన్న గిన్నెను తిప్పి తిప్పి చూశాడు. "నూరేండ్ల వెండి. అరిగి పల్చగైంది. లోతుకు పోతే బొక్క పడ్తది. మెత్తగుంటది, కలం ఉరుకుతది. పైలం."

గిన్నె లోపల లక్క కరిగించి పోసి గట్టిపరిచాడు. వదిన పిల్లను ఎత్తుకుంది. నేను కలం పట్టుకున్నాను. మొదటి అక్షరం బాగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో అక్షరం తలకట్టు దగ్గర బయట ఒక లారీ హారను కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. నేను తల తిప్పాను.

తలతోపాటు చెయ్యి తిరిగింది. కలం మొదటి రెండక్షరాలకు తగలకుండా పైనుంచి ఉరికింది. చూసుకునేసరికి మావారి పేరు మీద, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒకటే గీత. పరీక్ష పేపర్లో తప్పు జవాబును కొట్టేసినట్టు మావారిని కొట్టేశాను.

బతికున్న మనిషి పేరు మీద గీత. అది అపశకునమని నేను నమ్మను, డిగ్రీ చదివాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఇంటివాళ్ళ ఫోను నుంచి ఫ్యాక్టరీకి రెండుసార్లు ఫోను చేసి ఆయన బాగానే ఉన్నారా అని అడిగాను.

అన్న గీతను గోటితో తడిమాడు. "పెనిమిటిని కొట్టేసినవ్. ఇగ కిరాయికి ఇంకోన్ని దెచ్చుకుంటవా?"

"నవ్వకండి అన్నగారూ! గీసి తీసెయ్యండి. మీకు దండం పెడతాను."

"తీస్తే బొక్క పడ్తది. వెండి లేదు."

"మరి?"

"మరేముంది. జారిన గీత తీగైతది. దానికి ఆకులు పెట్టు. చూసినోడు ఈడ తీగనే ఉండెనేమో అనుకుంటడు."

"ఒక్క ఆయన పేరు మీదే తీగ ఉంటే మా అత్తగారు పట్టేస్తారు."

"అయితే అందరి మీద పెట్టు. అయిదుగురు మొగోళ్ళున్నరు గదా, అందర్ని కట్టెయ్!"

"మీరు పెట్టండి."

"జార్చింది నువ్వు. నేనెందుకు పెడ్త?" అని ఆయన బయటికి వెళ్ళి, తొండుపల్లి దిక్కు విమానాలు దిగే జాగా వస్తుందట కదా అని దుకాణంవాడితో మాటల్లో పడ్డాడు. "లారీలే సక్కగ పోతలెవ్వు, గాలిమోటర్లు దిగుతయట!" అనడం నాకు లోపలికి వినబడింది. అది నాకు ధైర్యం చెప్పే పద్ధతని అప్పుడు తెలియలేదు. తిట్టుకున్నాను.

ఆరు మధ్యాహ్నాలు పట్టింది. గీత మావారి పేరులోంచి బయలుదేరి, మామగారి చుట్టూ చుట్ట చుట్టి, చినతాతగారి కిందినుంచి దూరి, తాతగారి మీదుగా ముత్తాతగారి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మా అమ్మాయి పేరు చుట్టూ ఒక పెద్ద చుట్టగా తేలింది. చివరి ఆకు గిన్నె ముక్కు అంచు దాకా పోయింది. ఎక్కడా బొక్క పడలేదు. ఒక్కో కోతా అద్దంలా ఉంది. ఆఖరి మధ్యాహ్నం లక్క కరిగించి తీసేసి, గిన్నె కడిగి, అంచులు నాలుకతో చూడడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు ఆ అలవాటు వచ్చేసింది. సగంలో పిల్ల ఏడ్చింది. లేచాను. తర్వాత పసుపుగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేశాను.

అన్నప్రాశన రోజు ముందుగది నిండా జనం. పురోహితుడు, మావారు, అత్తగారు, మామగారు, ఆడపడుచు, ఇంటివాళ్ళు. గుమ్మం దగ్గర అన్న, వదిన. అత్తగారి కళ్ళజోడు సంచిలో ఉంది. పాయసం పోసిన గిన్నెను దేవుడి ముందు చూసి, "చింతపండుతో తోమావా? కొత్తదానిలా ఉందే" అన్నారు. అయిదుగురు మగవాళ్ళు తీగలో చిక్కుకుని ఉన్నారని ఆవిడకు కనబడలేదు. నేను దేవుడికి ఇంకో దండం పెట్టాను.

నైవేద్యం అయింది. అత్తగారు పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకున్నారు. పురోహితుడు మంత్రం అందుకున్నాడు. గిన్నె ముక్కు పిల్ల పెదవి వైపు వంగింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న నాలుకతో చూస్తూ చూస్తూ ఎక్కడ ఆగాను? పొట్ట చూశాను. మావారిని చూశాను. ముక్కు? ముక్కు దగ్గరి ఆకు చూశానా?

"ఆగండి!"

గిన్నె లాక్కున్నాను. పాయసం సగం నా చీర మీద పడింది. అందరూ చూస్తుండగా ముక్కు అంచును ఈ చివరి నుంచి ఆ చివరికి నాకాను.

మంత్రం ఆగిపోయింది. దేవుడి నైవేద్యం, పిల్ల మొదటి ముద్ద, అందులో తల్లి ఎంగిలి. మా వైపు ఇంతకంటే పెద్ద తప్పు చెయ్యాలంటే చాలా ఆలోచించాలి.

కానీ నాలుక నిజం చెప్పింది. గిన్నె ముక్కు కింద సన్నగా గీసుకుంది. ఉప్పగా తగిలింది.

"ముల్లు ఉంది అన్నగారూ" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

గుమ్మం దగ్గరినుంచి అన్న జనాన్ని దాటుకుంటూ వచ్చి, జేబులోంచి నున్నటి ఉక్కు పుల్ల తీసి, ముక్కు అంచును నాలుగుసార్లు రుద్దాడు. రుద్ది, అలవాటు కొద్దీ గిన్నెను తన నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నీది వద్దు!" అని వదిన గిన్నె గుంజుకుంది. "తల్లిది ఒక్కటి చాలదా?"

పురోహితుడు గొంతు సవరించుకుని, "అమ్మా, ఇది..." అన్నాడు.

అత్తగారు ఒకసారి నా వైపు చూశారు, ఒకసారి జనం వైపు చూశారు. ఆవిడకు ఎంగిలి కంటే నలుగురిలో నవ్వులపాలు కావడం పెద్ద బాధ.

"మా ఇంట ఇదే ఆనవాయితీ అండీ" అన్నారు పురోహితుడితో. "తల్లి నాకి చూసి ఇస్తేనే బిడ్డకు పెడతాం. మీరు కానివ్వండి."

మామగారు నోరు తెరిచారు. అత్తగారు చూశారు. మూశారు.

"ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుందమ్మా" అని పురోహితుడు మంత్రం అందుకున్నాడు. నేను ఇంకోసారి నాకి, ఈసారి ఆచారం ప్రకారం, గిన్నె అత్తగారికి ఇచ్చాను. పిల్ల పాయసం తాగింది. పెదవికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం దాకా ప్రతి పావుగంటకూ చూశాను.

అందరూ వెళ్ళాక అత్తగారు వంటింట్లోకి వచ్చారు. చేతిలో కడిగిన గిన్నె, ముక్కు మీద కళ్ళజోడు.

"ఇదంతా ఎవరు చేశారు?"

"నేనేనండీ."

"వాడి పేరు మీద ఆ గీత ఏమిటి?"

"తీగండీ."

"తీగ నాకూ కనబడుతోంది. తీగ కింద గీత ఏమిటంటున్నాను."

"జారింది."

"కాపరానికొచ్చి మూడేళ్ళు కాలేదు, మొగుణ్ణి కొట్టేశావు." గోటితో ఒక్కో ఆకునూ తడుముతూ గిన్నెను నెమ్మదిగా తిప్పారు. "మిగతావాళ్ళేం పాపం చేశారు?"

"ఒక్కరి మీదే ఉంటే మీరు కనిపెట్టేస్తారని."

ఆవిడ పెదవి కదిలింది గానీ నవ్వలేదు. మా అమ్మాయి పేరు దగ్గర వేలు ఆగింది. మూడక్షరాలూ తడిమారు.

"దీనిదొక్కటే నిఖార్సుగా వచ్చింది" అన్నారు. "తెనాలి కంసాలి చెయ్యి కూడా ఇంత శుభ్రంగా ఉండదు." గిన్నెను నా చేతిలో పెట్టి, నా చీర మీద ఎండిన పాయసం చూసి, "పోయి మార్చుకో, చీమలు పడతాయి" అన్నారు.

మొన్న మా ఆడపడుచుకు ఆడపిల్ల పుట్టింది. నేను అడగలేదు. అత్తగారే, పురిటికని పట్టుకెళ్ళిన గిన్నెను వాళ్ళ పక్కింటాయనతో తిరిగి పంపించారు. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"రెండు పేర్లు చెక్కు. ముందు మా అమ్మాయిది, తర్వాత దాని కూతురిది. చోటు చాలకపోతే మగవాళ్ళను కాస్త జరుపు. నువ్వు నాకి పంపకు, ఇక్కడ దాని తల్లి ఉంది."

కాగితం అన్నకు చదివి వినిపించాను. మగవాళ్ళను జరపడం ఎలా అని అడిగాను.

"చెక్కినోళ్ళు జరుగుతరా? గిన్నె బోర్లించు" అన్నాడు. "అడుగంత ఖాళీగనే ఉంది."

ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ బోర్లించి చూసినట్టు లేరు. అడుగు నున్నగా, గుండ్రంగా ఉంది, ఒక్క గీత లేదు. రెండు పేర్లూ, చుట్టూ తీగా పట్టగా ఇంకో నలుగురికి చోటుంటుంది. రేపు వదిన పిల్లను ఎత్తుకుంటానంది. మధ్యాహ్నం, లారీలు తక్కువ ఉన్న వేళ చూసుకుని మొదలుపెడతాను.